మొగలిలంక చక్రాలు

రేవుపేట,
రాజోలు దగ్గర,
26-6-1988.

ప్రియమైన అమ్మకి,

ప్రభువు నీకు తోడుగా ఉండాలని కోరుకుంటూ నీ కూతురు పుష్పలత వందనాలతో రాసేది. నీ నడుంనొప్పి తగ్గిందనీ, కువైటులో నువ్వు పనిచేసే ఇంటి చంటిపిల్ల నిన్ను కాస్త నిద్రపోనిస్తోందనీ అనుకుంటున్నాను. ఇక్కడ మేమందరం క్షేమం అని ఎప్పుడూ ఒక్క ముక్కలో రాసేసేదాన్ని. ఈసారి అలా రాయలేను. అందరం బతికి ఉన్నాం, అన్నం తింటున్నాం. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మిగతాది నీ ఉత్తరంలో నువ్వు అడిగిన వరసలోనే చెప్తాను. ఈ ఉత్తరం ఆ ఇంట్లో చదవకు. శుక్రవారం మీ ఆరాధన అయిపోయాక, అక్కడ నీకు తోడుగా ఉండే సూరమ్మగారు పక్కనుండగా విప్పు.

మొదటిది నవ్వుతూ అడిగేవు. "ఎమ్మెస్సీ చదివి కంప్యూటరు మీద చిల్లుగారెలు గీస్తున్నావంట, దానికి జీతం కూడా ఇస్తారా?" అని. ఇస్తారమ్మా. హైదరాబాదులో మా సంస్థ కంప్యూటరులో లెక్కల వాళ్ళ కోసం చేసిన భాష ఒకటి ఉంది. దాని పేరు ఒకే ఒక్క అక్షరం, ఎస్. నిండు చక్రం గీసి ముక్కలు చెయ్యాలంటే అందులో ఒక్క మాట చాలు. చిల్లున్న చక్రానికి మాత్రం మాట లేదు. తెర మీదైతే నిండు చక్రం గీసి, నడిమధ్య ఒక తెల్ల బిళ్ళ పెట్టి కప్పేసుకోవచ్చు. కానీ మా ప్లాటరు అనే మిషను నిజం పెన్నులు పట్టుకుని కాగితం మీద గీస్తుంది. తెల్ల పెన్ను ఉండదు. పడ్డ సిరా పోదు. అందుకని ఒక్కో ముక్క అంచు నేనే లెక్క కట్టుకున్నాను. బయటి వంపు మీద చుక్కలు వరసగా చెప్పుకుంటూ పోవాలి, చివరికొచ్చాక లోపలికి దిగాలి, లోపలి వంపు మీద వెనక్కి నడుచుకుంటూ బయల్దేరిన చోటికే రావాలి. వెనక్కి రావడం మరిచిపోతే గీత అడ్డంగా దూసుకుపోయి ముక్క మెలిపడిపోతుంది. నావి ఎన్నో మెలిపడ్డాయి. కాగితాలు దండగ చేస్తున్నానని మా పెద్దాయన విసుక్కునేవారు కూడా.

ఇంత తంటా ఎందుకంటే, చిల్లు చక్రమైతే దాని కడుపులో ఇంకో చక్రం పెట్టొచ్చు. గోదావరి లంకల్లో భూమి ఎవరి చేతుల్లో ఉందో చూడమని మా సంస్థకి పని వచ్చింది. నేను అడిగి మరీ మన వైపు తీసుకున్నాను. బయటి చక్రం, పట్టాలు ఎవరి పేరున ఉన్నాయో చెప్తుంది. లోపలి చక్రం, దున్నుకుంటున్నది ఎవరో చెప్తుంది. మధ్య చిల్లులో లంక పేరు.

మొగలిలంక సంగతి నీకు నేను చెప్పాలా. కూలీల సొసైటీకి సర్కారు పట్టాలిచ్చింది నేను పుట్టకముందు. పొగాకు వేసింది మాత్రం ఎప్పుడూ సూర్యారావుగారే. నువ్వు నన్ను చంకనేసుకుని మనకి పట్టా ఉన్న చెక్కలోనే ఆయనకి కూలికి నాట్లు వేసేదానివి. ఇదంతా తెలిసి కూడా, ఆ రోజు ప్లాటరు ముందు నుంచి కదలకుండా చివరిదాకా చూసేను. బయటి చక్రం ఆకుపచ్చగా గీసింది, ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని లోపలి చక్రం నింపడం మొదలెట్టింది. నింపుతూనే ఉంది. సగంలో సిరా అయిపోతే కొత్త పెన్ను పెట్టేను. చివరికి లోపల ఆకుపచ్చకి మిగిలింది గీతంత ముక్క, మనవాళ్ళు మేకల్ని కట్టుకునే ఇసక దిబ్బ. అంతే.

జనవరిలో ఆర్డీవోగారు మన బడి వరండాలో విచారణ పెట్టేరు. ఆయన పక్క కుర్చీలో సూర్యారావుగారు. సొసైటీ ప్రెసిడెంటు కాబట్టి తాతబ్బాయి బాబాయి చక్రం కాగితం విప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. సూర్యారావుగారు నా వైపు చూసి నవ్వేరు.

"ఏవమ్మా పుష్పలతా, హైదరాబాదు వెళ్ళి గాజులు గీయడం నేర్చుకున్నావా? మీ అమ్మ కువైటు నుంచి బంగారపువే పంపుద్ది కదా, ఈ కాయితం గాజులెందుకూ?"

వరండా అంతా నవ్వింది. మనవాళ్ళు కూడా నవ్వేరమ్మా, అలవాటు కొద్దీ.

ఆర్డీవోగారు నవ్వలేదు. "ఈ ఎరుపు ఎవరిదండీ?" అని అడిగేరు. మళ్ళీ అడిగేరు. అప్పుడు వెనక స్తంభం దగ్గర నుంచి నాన్న లేచేడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆయ్, సూర్యారావుగారిదండి."

"గట్టిగా చెప్పండి."

"సూర్యారావుగారిదండి. మా చెక్క కూడా అందులోనే ఉందండి."

పొగాకు తీసేశాక భూమి కొలిచి సొసైటీకి అప్పగించాలని ఆర్డీవోగారు ఆర్డరు రాసేరు. సూర్యారావుగారు మెట్లు దిగుతూ నాన్న దగ్గర ఆగేరు. కోపంగా కూడా అనలేదు. "గంగయ్యా, పడవెక్కి రండి మరి. చూద్దాం," అన్నారు.

తాతబ్బాయి అలిగేడా, ఉత్తరం ముక్కైనా రాయడం లేదేంటని అడిగేవు. అలగలేదమ్మా. రాసే చెయ్యి లేదు. విచారణ అయిన వారంలోనే బాబాయి రాజోలు నుంచి సైకిలు మీద వస్తుంటే కాలవ గట్టు మీద ఆపేరు. పట్టపగలే. కిందపడేసి, ఆయన సంచిలోనే ఉన్న చక్రం కాగితం ఉండ చుట్టి నోట్లో కుక్కేరు. "మింగరా గారె, మింగు" అంటూ గెడ్డం కింద పిడికిలితో గుద్దేరంట. ముందు పళ్ళు ఊడి కాగితంలో గుచ్చుకున్నాయి. తర్వాత కుడిచెయ్యి తూము రాతి మీద పెట్టి గునపంతో కొట్టేరు. కాళ్ళు కదలకుండా పట్టుకుంది ఎవరనుకున్నావు? మన వీర్రాజు. నువ్వు జ్వరానికి కషాయం కాచిపోసిన వీర్రాజు, బళ్ళో నాకన్నా పెద్ద తరగతిలో ఉంటూ నాకు తాటిముంజెలు తెచ్చిచ్చిన వీర్రాజు. సూర్యారావుగారి దగ్గర పనికి కుదిరేక మీసం పెంచి మనిషే మారిపోయేడు.

నేను గట్టు మీదకి వెళ్ళేసరికి బాబాయి తూముకి జారబడి కూర్చుని ఉన్నాడు. మోచేతి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. నోట్లోంచి ఎర్రగా కారుతోంది. అందులో నెత్తురెంతో, నా చక్రం సిరా ఎంతో తెలియలేదు. అమలాపురం ఆసుపత్రిలో చెయ్యి తీసేసేరు. ఇప్పుడు ఎడంచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. కలం పట్టుకోవడం ఇంకా రాలేదు.

మామ్మ కంటి ఆపరేషను అయిందా అని అడిగేవు. కాలేదు. శుక్లం వచ్చింది ఎడం కంటికి కదా. పోయింది కుడికన్ను. మార్చి నెలాఖరున మట్టల ఆదివారం ప్రార్థన అయ్యి గుడి నుంచి బయటికి వస్తుంటే ఎదురుగా సూర్యారావుగారివాళ్ళ మేడ మీద నుంచి రాళ్ళు పడ్డాయి. పిల్లలు మట్టలు పట్టుకుని ముందు నడుస్తున్నారు, పెద్దవాళ్ళు వాళ్ళ మీదకి వంగి కాసుకున్నారు. మామ్మ వంగలేదు. మేడ మీద ఎవరున్నారో చూద్దామని తలెత్తింది. గుడ్డు పగిలి నీరు కారిపోయింది. నా చీరకొంగు ముద్ద చేసి అదిమిపెట్టి ఎత్తుకొచ్చేను. ఆ నొప్పిలో కూడా "చూసేనే, మేడ మీద వాణ్ణి చూసేను" అంటూనే ఉంది. డాక్టరుగారు చలికాలంలో ఎడం కంటికి ఆపరేషను చేస్తానన్నారు. అప్పటిదాకా మనుషుల్ని అడుగుల చప్పుడు పట్టి పోల్చుకుంటోంది. చింతగింజలు మాత్రం చేత్తో తడిమి ఒక్కటీ వదలకుండా తీస్తోంది.

ఇక నువ్వు చివర్న, కింద గీత గీసి మరీ అడిగిన మాట. "లంక మీద నెత్తురు పారిందని సూరమ్మగారికి వాళ్ళ ఊరి నుంచి తెలిసింది. నువ్వు నాకు ఏమీ రాయలేదు. నిజం రాయి." పారిందమ్మా. మట్టల ఆదివారం తర్వాత వారమే.

కొలతకి సర్వేయరుగారు గొలుసుతో వచ్చేరు, తోడు ఇద్దరు పోలీసులు. మనవాళ్ళు పడవల్లో బయల్దేరేరు. చెక్క చూసుకోవాలని ఆడవాళ్ళు కూడా వచ్చేరు. లెక్క రాసుకోవాలని నేను వెళ్ళేను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. పొగాకు కోసేసిన మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. గొలుసు ఒకసారి పరిచేరో లేదో, అవతలి ఒడ్డు నుంచి పడవలు బయల్దేరేయి. నిండా మనుషులు. కర్రలు, బరిసెలు, బొండాలు కొట్టే కత్తులు. ఒడ్డు తగలకముందే నీళ్ళలోకి దూకి అరుచుకుంటూ వచ్చేరు. సర్వేయరుగారు గొలుసు వదిలేసి పడవెక్కేసేరు. లాఠీలు పట్టుకున్న ఇద్దరు పోలీసులు మాత్రం ఏం ఆపుతారు, వాళ్ళూ ఎక్కేసేరు.

తర్వాత జరిగింది నాకు వరసగా గుర్తులేదు. జీవరత్నం మావయ్య చెవి తెగి భుజం మీద వేలాడటం గుర్తుంది. ఆయన దాన్ని పట్టుకుని, మళ్ళీ అతికించుకుందామన్నట్టు తలకి నొక్కుకుంటున్నాడు. అచ్చాయమ్మత్తని జుట్టు పట్టుకుని మోళ్ళ మీద ఈడ్చేరు, వీపంతా గీరుకుపోయి రవిక పీలికలైంది. మనవాళ్ళు ఊరుకోలేదు. గొలుసు తీసుకుని తిప్పి కొట్టేరు. ఒకడి దవడ విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆడవాళ్ళు ఇసక తీసి కళ్ళల్లో కొట్టి, పడినవాణ్ణి రాళ్ళతో కొట్టేరు. మనవాళ్ళంతా ప్రార్థన చేసుకునే మనుషులే, ఆ పూట ఎవరి మొహమూ నేను ఎరిగిన మొహంలా లేదు.

నాన్నని రేవు దగ్గర పట్టుకున్నారు. భుజం మీద కత్తి దిగింది. మనవాళ్ళు కలియబడి తరిమికొట్టేక, వచ్చినవాళ్ళు దెబ్బలు తిన్నవాళ్ళని ఎత్తుకుని పడవలెక్కేసేరు. వీర్రాజుని మాత్రం ఎత్తుకోలేదు. అతను నీళ్ళలో ఉన్నాడు. రేవు దగ్గర మడుగు లోతు నీకు తెలుసు కదా. నాన్నే, నెత్తురోడుతున్న భుజంతో దూకి, అతన్ని లాక్కొచ్చి ఇసకలో పడుకోబెట్టేడు. తల వెనక పగిలి ఉంది. ప్రాణం లేదు. పెద్ద పోలీసులు వచ్చి ఇతన్ని ఎవరు కొట్టేరంటే, "నేనేనండి, పడవ గెడతో కొట్టేను" అని నాన్న చేతులు చాపేడు.

నాన్నని రాజమండ్రి జైల్లో పెట్టేరు. ఏప్రిల్లో నీకు రాసిన ఉత్తరంలో కింద నాన్న సంతకం లేదేమని నువ్వు అడుగుతావని, పొలం పనిలో ఉన్నాడని అబద్ధం రాసేను. నువ్వు పంపిన చొక్కాగుడ్డ బాగుందన్నాడని కూడా రాసేను. అది నాన్న చూడనే లేదు.

అప్పుడే ఒకరోజు మధ్యాహ్నం సత్తెమ్మ మనింటికి వచ్చింది. వీర్రాజు భార్య. నువ్వు వెళ్ళిపోయేక వాళ్ళ పెళ్ళయింది, నీకు తెలియదు. ఆత్రేయపురం వైపు పిల్ల, సన్నగా ఉంటుంది. గుమ్మంలోనే నిలబడింది.

"లంకలో మాకూ చెక్క ఉందంట కదా. మా మావగారి పేరున. ఆ కాయితంలో ఉందా?"

ఉంది. నాకు ముందు నుంచీ తెలుసు. వాళ్ళ మావగారు సొసైటీలో సభ్యుడే, చెక్కల లెక్క కట్టింది నేనే. చక్రం కాగితం తెచ్చి నేల మీద పరిచేను. సత్తెమ్మ గొంతుక్కూర్చుంది. నేను ముక్క చూపించేను. దాని మీద వేలు పెట్టింది.

"ఇది పచ్చగా ఉంది కదా?"

"అది పట్టా. దున్నేది ఎవరో లోపలి చక్రం."

వేలు లోపలికి జరిపింది. ఎరుపు మీదకి. చాలాసేపు అక్కడే ఉంచింది.

"అంటే మాది కూడా ఆయనే తింటన్నాడా?"

"అవునక్కా."

"మా ఆయన ఆయన కోసమే కదా కత్తి పట్టుకెళ్ళేడు."

ఏడవలేదు. ఆ మాట అలా అని, కాగితం వైపే చూస్తూ కూర్చుంది. నేను ఇంక ఉండలేకపోయేను అమ్మా. "మీ ఆయన్ని కొట్టింది మా నాన్న కాదక్కా. నేను" అన్నాను.

తలెత్తి చూసింది. తర్వాత నా జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టింది. చెంపల మీద, నెత్తి మీద, వీపు మీద, ఎక్కడ దొరికితే అక్కడ. రోట్లో పచ్చడిబండ తీసి భుజం మీద కొడితే బొమిక కలుక్కుమంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మామ్మ అరుగు మీద నుంచి అంతా వింటోంది, "ఆపు" అనలేదు. కొట్టి కొట్టి అలిసిపోయి, సత్తెమ్మ బండ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

అమ్మా, ఇప్పుడు నీకు చెప్పాలి. ఇంతసేపూ పక్కకి తప్పుకుంటూ వచ్చేను.

రేవు దగ్గర నాన్న వెల్లకిలా పడి ఉన్నాడు. భుజం తెగి ఎర్రగా తెరుచుకుంది. వీర్రాజు నాన్న రొమ్ము మీద మోకాలు వేసి రెండోసారి కత్తి ఎత్తేడు. నేను పడవలోంచి గెడ తీసి వెనక నుంచి తల మీద కొట్టేను. కత్తి జారి ఇసకలో పడిపోయింది. వీర్రాజు లేచి నిలబడి, నీళ్ళ వైపు రెండడుగులు తూలి, నా వైపు తిరిగేడు. చేతుల్లో ఏమీ లేదు. నన్ను గుర్తుపట్టేడు. "పుష్పా" అన్నాడు, చిన్నప్పుడు పిలిచినట్టే. మొదటి దెబ్బ నాన్న కోసం. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ పిలుపు విన్నాక కూడా నేను గెడ మళ్ళీ ఎత్తేను. బాబాయి చెయ్యి, మామ్మ కన్ను, ఆ మీసం, ఆ గునపం, ఇవన్నీ నా చేతుల్లోకి వచ్చేసేయి. రెండోసారి మొదటిసారి కన్నా గట్టిగా కొట్టేను. అతను వెనక్కి మడుగులో పడ్డాడు. గెడ నా చేతిలోనే ఉంది. చాపితే అందుతుంది. చాపలేదు. నాన్న లేచి దూకిందాకా నేను అలా నిలబడి చూస్తున్నాను.

వీర్రాజుని ఒడ్డుకి తెచ్చి పడుకోబెట్టి, నాన్న మొదట నా చేతిలో గెడ లాక్కున్నాడు. "నువ్వు పడవలో ఉన్నావు. గెడ నాది. మీ అమ్మ మీద ఒట్టు," అన్నాడు. నీ మీద ఒట్టు వేసేసరికి నోరు మూసుకున్నాను. నీ మీద ఒట్టు పెట్టుకునే నీకు అబద్ధం రాసేను.

సత్తెమ్మ వెళ్ళిపోయిన మర్నాడు నేను రాజోలు కోర్టుకి వెళ్ళేను. మన తరఫు వకీలు సుందరరావుగారు మంచివారు, ఫీజు మాట ఎత్తకుండా కేసు చూస్తున్నారు. నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపు వేసేరు.

"చూడమ్మా, తండ్రిని కాపాడుకోవడానికి కొడితే చట్టం క్షమిస్తుంది. ఒక్క దెబ్బ అని చెప్పు. అతను తూలి నీళ్ళలో పడ్డాడు. అంతే."

"రెండండి."

"రెండోది ఎవరూ చూడలేదు కదా?"

"నాన్న చూసేడండి. వీర్రాజు చూసేడండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నీ ఇష్టం తల్లీ," అన్నారు. మేజిస్ట్రేటుగారికి రెండూ చెప్పేను. పిలుపు కూడా చెప్పేను. ఆయన రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపి నా మొహం చూసేరు. ఆ తర్వాత నన్ను ఆడవాళ్ళ జైల్లో ఉంచేరు. మే నెలలో బెయిలు వచ్చింది. నాన్న పేరు ముద్దాయిల్లోంచి తీసి సాక్షుల్లో చేర్చేరు. హైదరాబాదు సంస్థ వాళ్ళు కేసు తేలేదాకా రావద్దని రాసేరు. సూర్యారావుగారి మీద కూడా కేసు పెట్టేరు, ఆయన బెయిలు తెచ్చుకుని కాకినాడలో ఉన్నారు. ఆయన మనుషులు రేవులో ఎదురుపడితే ఉమ్మేస్తున్నారు. నేను ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళడం లేదు.

నాన్న జైలు నుంచి వచ్చిన రోజు నేను కాళ్ళకి నీళ్ళిస్తే తీసుకోలేదు. పెరట్లోకి వెళ్ళి తనే తోడుకున్నాడు. అప్పటి నుంచి నాతో ఒక్క మాట లేదు. అన్నం పెడితే తింటాడు. "నీకు పడే శిక్ష నేను మోస్తానంటే, నువ్వెళ్ళి మళ్ళీ నెత్తికెత్తుకున్నావు" అని ఒకసారి గోడతో అన్నాడు.

ఈ నెల మొదట్లో లంక కొలత పూర్తయింది. ఈసారి లారీ నిండా పోలీసులు వచ్చేరు. ఎవరి చెక్క వాళ్ళకి రాళ్ళు పాతేరు. అమ్మా, మన చెక్కకి కూడా. నిన్న పొద్దున్న నాన్న పడవ తీస్తుంటే నేనూ ఎక్కి కూర్చున్నాను, దిగమనలేదు. అవతల సత్తెమ్మ తన చెక్కలో పొగాకు మోళ్ళు పీకుతోంది. ఒక్కత్తే. మోకాళ్ళ మీద కూర్చుని, పీకింది పీకినట్టు వెనక్కి విసిరేస్తోంది. నేను గట్టు మీద తలొంచుకుని వెళ్ళిపోబోతే పిలిచింది.

"ఇటు రా."

వెళ్ళేను. మళ్ళీ కొడుతుందేమోననుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"నన్ను సాక్షికి పిలిచేరు. కోర్టులో నిన్ను చూపించి చెప్తాను. మీ ఇంటికొచ్చిన నాకు నువ్వే ఒప్పుకున్నావని చెప్తాను."

"చెప్పక్కా."

"సూర్యారావుగారి మనుషులు వచ్చేరు. మా ఆయన వట్టి చేతులతో వెళ్ళేడని చెప్పమన్నారు. ఇల్లు కట్టిస్తారంట." చేతిలో మోడు పక్కన పెట్టి, మన్ను దులుపుకుంది. "అలా చెప్పను. ఆ పొద్దున్న కత్తి నూరి చేతికిచ్చింది నేనే. అడ్డొచ్చిన వాణ్ణి వదలొద్దని చెప్పి పంపింది కూడా నేనే. అదీ చెప్తాను."

ఆవిడ మళ్ళీ మోళ్ళ మీదకి వంగింది. "ఇంక వెళ్ళు. నిన్ను చూస్తూ పని చెయ్యలేను," అంది.

నాన్న పడవ దగ్గర నిలబడి అంతా విన్నాడు. తిరిగి వస్తుంటే నది సగంలో గెడ ఆపేసేడు. పడవ దానంతట అది ప్రవాహం వైపు తిరుగుతోంది. ఇన్నాళ్ళకి నా మొహంలోకి చూసి మాట్లాడేడు.

"మీ అమ్మకి రాసేవా?"

"లేదు నాన్నా."

"రాయి. నేను పోలీసులకి చెప్పింది కాదు. నువ్వు చేసింది రాయి."

అదీ అమ్మా. రాసేను. కేసు ఆగస్టులో మొదలవుతుంది. శిక్ష పడొచ్చు, పడకపోవచ్చు. నిన్ను రమ్మని అడగను, రావద్దనీ అనను, నీ పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళ దగ్గరుందని నాకు తెలుసు. ఒక్కటే అడుగుతాను. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ సూరమ్మగారి చేత రాయించకు. నీ చేత్తో రాయి. మామ్మకి చదివి వినిపించేటప్పుడు ఏదీ దాటెయ్యనని మాటిస్తున్నాను.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
పుష్పలత.